సిగ్నల్ దగ్గర వణికే గ్యాస్ బండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గ్యాస్ బండ్లవే ఎక్కువ. మొదటిది కాస్త పొడుగ్గా చెప్పుకుందాం, ఎందుకంటే అందులో ఉన్న తంటా ఆ ఒక్క బండిది కాదు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి. 2008 మోడల్ ఓమ్ని ఉంది. కొన్న రెండేళ్లకే ఎల్పీజీ కిట్ వేయించి ఆర్సీలో కూడా ఎక్కించాను. కర్రీ పాయింట్ సామాన్ల కోసం రోజూ తిప్పుతాను. రెండు నెలల నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు బండంతా వణుకుతోంది, వెనక గిన్నెలు గలగలమంటున్నాయి, హెడ్‌లైట్లు వేస్తే ఒక్కోసారి ఆగే పోతోంది. రోడ్డు మీద పరిగెడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ప్లగ్గులు మార్చాను. మా మెకానిక్ గ్యాస్ స్క్రూ తిప్పి సెట్ చేశాడు, పది రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. మళ్లీ తిప్పాడు. ఇప్పుడు మైలేజీ కూడా పడిపోయింది. మధ్యలో ఒకసారి స్టార్ట్ చేస్తుంటే టప్పుమని పెద్ద శబ్దం వచ్చింది కానీ ఏమీ కాలేదు. పెట్రోల్ మీద నడిపి చూడమంటారేమో, పెట్రోల్ పోయించి ఏడాది దాటింది. కిట్ మార్చేయమంటున్నారు. మార్చాలా?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ స్క్రూ గొడవే కనపడింది. రెండోసారి చదివితే ఆ టప్పు దగ్గర ఆగిపోయాను. "ఏమీ కాలేదు" అని రాశారు చూశారా, అక్కడే ఏదో అయ్యుంటుంది అనిపించింది.

అదెందుకు పేలుతుందో ముందు చెబుతాను. మీ బండి పెట్రోల్ మీద నడిచేటప్పుడు ఇంజెక్టర్ పెట్రోల్‌ని సరిగ్గా వాల్వు ముందు చిమ్ముతుంది, కాబట్టి దానికి వెనకున్న గొట్టాల నిండా వట్టి గాలే. మీకు వేసింది పాత తరహా మిక్సర్ కిట్. అందులో గ్యాస్ ఎయిర్ ఫిల్టర్ తర్వాత, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి మూత) ముందు ఉన్న మిక్సర్ దగ్గరే గాలిలో కలిసిపోతుంది. అంటే అక్కడి నుంచి ఇంజన్ దాకా గొట్టమంతా మండే మిశ్రమమే. ఎక్కడో ఒక సిలిండర్లో నిప్పురవ్వ బలహీనంగా పడి మిశ్రమం నెమ్మదిగా మండుతూ ఉంటే, ఇంతలో ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటే, మంట వెనక్కి వచ్చి గొట్టంలో ఉన్నదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. టప్పు అదే. దాని దెబ్బకి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిన బండ్లు చూశాను, క్లిప్పులు ఊడి గొట్టం పక్కకి జరిగినవి చూశాను.

ఉత్తరంలో నంబర్ ఉంది కాబట్టి ఫోన్ చేశాను. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కిందే కదా, సీటు లేపి, మిక్సర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని కంటితో కాకుండా వేలితో తడమండి, ముఖ్యంగా అడుగు వైపు, అన్నాను. ఇంజన్ ఆపి, చల్లారాకే. మీరు ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు గోల చేసి, "మాస్టారూ, అడుగున నా వేలు గోరు దాకా దూరింది" అన్నారు. పై నుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా ఉందన్నారు. మడతల గొట్టం కదా, మడతలో చీలింది.

ఇప్పుడు లెక్క సరిపోయిందా? థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. ఆ తక్కువలో కొంత మిక్సర్‌ని తప్పించుకుని చీలిక లోంచి వచ్చేస్తే గ్యాస్ పలచబడిపోతుంది, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు, ఇంజన్ నిలబడదు. రోడ్డు మీద పోయేటప్పుడు లోపలికి వెళ్లే గాలి ఎన్నో రెట్లు ఎక్కువ, అందులో ఈ చీలిక వాటా ఎంతని, అందుకే అప్పుడు బాగుంటుంది. హెడ్‌లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ ఇంజన్ మీద బరువు వేస్తుంది. అప్పటికే మూలుగుతున్న ఇంజన్ ఆ బరువుకి ఆగిపోతుంది. మీ మెకానిక్ ఏం చేశాడు? పలచబడిన మిశ్రమానికి స్క్రూ తిప్పి గ్యాస్ పెంచాడు. చీలిక ఇంకొంచెం పెరిగింది, ఇంకొంచెం పెంచాడు. ఆ పెంచిన గ్యాస్ సిగ్నల్ దగ్గరే కాదు, రోడ్డు మీదా పోతుంది, మైలేజీ అక్కడే పోయింది. ఆయన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, షెడ్డులో బండ్ల వరస ఉన్నప్పుడు స్క్రూ అంత సులువైన పని ఇంకోటి లేదు.

గొట్టం ఒక్కటి మారుస్తే అయిపోదు, ఇంకో రెండు పనులున్నాయి. ఒకటి, కొత్త గొట్టం వేసిన రోజే స్క్రూ మళ్లీ సెట్ చేయించాలి. చీలిక ఉన్నప్పుడు పెంచిన గ్యాస్ అలాగే ఉంచితే ఇప్పుడు మిశ్రమం చిక్కబడి, ఈసారి చిక్కదనం వల్ల వణుకుతుంది, మీరు నన్ను తిడతారు. రెండోది, అసలు టప్పు ఎందుకొచ్చింది? ప్లగ్గులు మార్చానన్నారు. ప్లగ్ వైర్లు? అడిగితే "అవి బండితో పాటు వచ్చినవే" అన్నారు. గ్యాస్ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ ఓల్టేజీ కావాలి. పెట్రోల్ మీద ఇంకో ఏడాది నెట్టుకొచ్చే వైరు గ్యాస్ మీద ముందే దొరికిపోతుంది. వైర్లు మార్చండి, బండిలో డిస్ట్రిబ్యూటర్ (నిప్పురవ్వ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ పంచేది) ఉంటే క్యాప్ లోపల సన్నని నల్ల గీతలున్నాయేమో చూడండి. ప్లగ్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలిపించండి, గ్యాస్ బండికి 0.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే మంచిది. కొత్త ప్లగ్ కదా అని డబ్బాలోంచి తీసి బిగించేస్తారు, గ్యాప్ ఎవరూ చూడరు.

ఇంకో మాట, గ్యాస్ బండిలో ప్లగ్ రంగు చూసి తీర్పు చెప్పే వాళ్లని అంత తేలిగ్గా నమ్మకండి. ఎల్పీజీకి మసి పట్టదు, మిశ్రమం సరిగ్గా ఉన్నా ప్లగ్ తెల్లగానే కనపడుతుంది. పెట్రోల్ లెక్కన చూస్తే ప్రతి గ్యాస్ బండీ పలచగా నడుస్తున్నట్టే ఉంటుంది.

మీది అయిపోయింది. ఇదే జబ్బున్న మిగతా వాళ్ల కోసం ఇంకొంచెం రాస్తాను, ఎందుకంటే అందరికీ గొట్టమే చీలదు.

మొట్టమొదట చూడాల్సింది పెట్రోల్ మీద కూడా వణుకుతోందా లేదా. రెండింటి మీదా వణికితే గ్యాస్ కిట్ జోలికే పోకండి, నిప్పురవ్వ, గాలి దారి, టాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాల దగ్గరుండే గ్యాప్), థ్రాటిల్ పక్కనుండే ఐడిల్ వాల్వులో పేరుకున్న నల్లటి జిడ్డు, ఇవి చూసుకోవాలి. గ్యాస్ మీద ఒక్కదానిమీదే అయితే కిట్ వైపు వెళ్లాలి. వినడానికి తేలిగ్గా ఉంది కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మన తెనాలి పాఠకుడిలా ఏడాది పాటు పెట్రోల్ ముట్టుకోని వాళ్లకి ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది. ట్యాంకు అడుగున మిగిలిన పాత పెట్రోల్ బంకలా తయారై ఇంజెక్టర్లలో గడ్డకట్టి ఉంటుంది, కార్బొరేటర్ బండి అయితే జెట్లలో. అప్పుడు పెట్రోల్ మీద వణుకుడు పెట్రోల్ వల్ల, గ్యాస్ మీద వణుకుడు గ్యాస్ వల్ల, రెండూ వేరువేరు జబ్బులై కూర్చుంటాయి, చూసేవాడు ఇంజనే పోయిందంటాడు. కాబట్టి ట్యాంకులో ఎప్పుడూ పావు వంతు తాజా పెట్రోల్ ఉంచండి, పొద్దున్నే పెట్రోల్ మీద స్టార్ట్ చేసి రెండు మూడు కిలోమీటర్లు పోయాక గ్యాస్‌కి మార్చండి. ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎండు ట్యాంకులో తిరిగితే కాలిపోతుంది, దానికయ్యే ఖర్చు మీరు మిగిల్చుకున్న పెట్రోల్ డబ్బుల్ని మింగేస్తుంది.

మిశ్రమం పలచనా చిక్కనా అన్నది మీటర్ లేకుండా తెలుసుకోవడానికి ఒక చిట్కా. బండి బాగా వేడెక్కాక స్లోలో వదిలేసి, రెడ్యూసర్ (ద్రవ గ్యాస్‌ని ఆవిరి చేసి ఒత్తిడి తగ్గించే డబ్బా) నుంచి మిక్సర్‌కి వచ్చే లావుపాటి గ్యాస్ గొట్టాన్ని రెండు వేళ్లతో కొంచెం నొక్కండి. ఇంజన్ స్పీడు కొంచెం పెరిగి సాఫీగా అయితే గ్యాస్ ఎక్కువవుతోంది. నొక్కీ నొక్కగానే పడిపోతే ఇప్పటికే తక్కువ. ఫ్యాన్ బెల్టుకి చొక్కా తగలకుండా చూసుకోండి, లుంగీతో మాత్రం ఈ పని చేయకండి. చిక్కగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మిక్సర్ కిట్లలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి గ్యాస్ పాలు పెరుగుతుంది, ఎండాకాలం మట్టి రోడ్ల మీద తిరిగే బండ్లకి సగం కేసులు ఇవే.

టప్పు తర్వాత ఏం పగిలిందన్నదీ ముఖ్యమే. మిక్సర్‌కి ముందున్న ఫిల్టర్ డబ్బా పగిలితే మిశ్రమం పెద్దగా మారదు, ఇంజన్లోకి దుమ్ము పోతుంది, అది నెమ్మదిగా చంపుతుంది. మిక్సర్ తర్వాత పగిలితే స్లో పోతుంది. రెండూ బాగానే ఉంటే రెడ్యూసర్ లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, చూడాలి, ఆ దెబ్బ వెనక్కి దాకా తగులుతుంది.

రెడ్యూసర్ గురించి. ట్యాంకు నుంచి ద్రవంగా వచ్చిన ఎల్పీజీ దాంట్లోనే ఆవిరవుతుంది, ఆవిరవడానికి కావలసిన వేడి ఇంజన్ కూలెంట్ నుంచి తీసుకుంటుంది. ఎల్పీజీలో ఉండే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంత చల్లటి సరుకు. కూలెంట్ తగ్గినా, గొట్టంలో గాలి ఇరుక్కున్నా రెడ్యూసర్‌కి వేడి అందదు. మే నెల ఎండలో, రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టి ఉండటం చూశాను, ఆ బండి యజమాని ఐస్ పెట్టెలా ఉందని నవ్వుతున్నాడు. ఆ కూలెంట్ గొట్టాలు రెండూ పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది, ఇంజన్ వేడెక్కాక రెండూ వేడిగా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే కూలెంట్ తిరగట్లేదు.

రెడ్యూసర్ అడుగున ఒక డ్రెయిన్ బిరడా ఉంటుంది, చాలామందికి ఉందనే తెలియదు. గ్యాస్‌తో పాటు వచ్చే బరువైన నూనె పదార్థం అక్కడ చేరి గోధుమ రంగు జిడ్డుగా మారుతుంది, వాసన భరించలేం. అది డయాఫ్రమ్‌కి పట్టుకుంటే స్లో ఒక చోట నిలవదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. తీయించేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి, జిడ్డు పలచబడి కారుతుంది. ట్యాంకు వాల్వు కట్టేసి, గొట్టాల్లో ఉన్న గ్యాస్ అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, అప్పుడు ఆరుబయట బిరడా విప్పాలి. ఇది తెలిసిన వాడి చేతే చేయించండి. ఏళ్ల తరబడి తిరిగిన రెడ్యూసర్‌కి డయాఫ్రమ్ గట్టిపడి అట్టలా అవుతుంది, దానికి రిపేర్ కిట్ దొరుకుతుంది, మొత్తం కిట్ మార్చక్కర్లేదు.

టాపెట్లు కూడా మర్చిపోతారు. గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటు మెల్లగా అరిగి వాల్వు పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గుతూ వస్తుంది. చప్పుడు ఉండదు, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు మూసుకోదు, ఆ సిలిండర్లో కంప్రెషన్ ఉండదు, స్లోలో మిస్సింగ్. మూడు సిలిండర్ల ఇంజన్లో ఒకటి పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయితే మూడు సిలిండర్ల బండి కొంచెం ఊగడం దాని పుట్టుక, దాన్ని కూడా జబ్బు కింద లెక్కేసి షెడ్ల చుట్టూ తిరగకండి.

ఇవన్నీ చూశాక, అప్పుడు స్క్రూ. తిప్పే ముందు ఎన్ని చుట్లు తెరిచి ఉందో పూర్తిగా బిగించి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోమనండి, లేదా మార్కర్‌తో గీత పెట్టమనండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఇంజన్ సర్దుకునేదాకా ఆగాలి. పొల్యూషన్ చెక్ చేసే చోట మీటర్ పెట్టించి సెట్ చేస్తే ఇంకా మంచిది, చెవి కంటే మీటర్ నయం. నా చెవి కంటే కూడా. కొన్ని కిట్లలో స్క్రూ బదులు చిన్న మోటార్ ఉంటుంది, పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చెప్పినట్టు తనే సర్దుకుంటుంది. అలాంటిది వణికితే ముందు సెన్సర్‌నీ దాని వైర్నీ చూడాలి.

ప్రశ్న: మాది వరంగల్. నా హ్యాచ్‌బ్యాక్‌కి సీక్వెన్షియల్ కిట్ వేయించాను. చలికాలం పొద్దున పెట్రోల్ మీద స్టార్ట్ అయ్యి, దానంతటదే గ్యాస్‌కి మారగానే ఒక నిమిషం గిజగిజలాడి ఆ తర్వాత మామూలవుతుంది. వదిలేయొచ్చా?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వదిలేయకండమ్మా, చిన్న పనే. రెడ్యూసర్ తగినంత వేడెక్కక ముందే గ్యాస్‌కి మారుతోంది. ఒక్కో సిలిండర్‌కీ విడిగా గ్యాస్ చిమ్మే ఈ సీక్వెన్షియల్ కిట్లలో ఎన్ని డిగ్రీలకి మారాలన్నది ల్యాప్‌టాప్‌తో పెడతారు. మీ కిట్ వేసిన వాళ్ల దగ్గరికి వెళ్లి ఇప్పుడు ఎంత ఉందో చూసి, కొంచెం పెంచమనండి. పొద్దున ఇంకో అర కిలోమీటరు పెట్రోల్ తాగుతుంది, అంతే. అంతకు ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పకండి, ముఖం కాలిపోతుంది. పెంచినా తగ్గకపోతే గ్యాస్ ఫిల్టర్లు మార్చించండి, ఆ తర్వాతే గ్యాస్ ఇంజెక్టర్లు. ఈ రకం కిట్‌కి స్క్రూలు తిప్పే సెట్టింగ్ కుదరదు, ఎవరైనా స్క్రూడ్రైవర్ తీస్తే బండి తీసుకుని వచ్చేయండి.

ప్రశ్న: మా దగ్గర ఆటో ఎల్పీజీ బంకు దూరం. ఒకాయన ఇంటి సిలిండర్ నుంచి మోటారుతో ఎక్కించి ఇస్తున్నాడు. అలా చేయించినప్పటి నుంచి స్లోలో మిస్సింగ్ వస్తోంది. గ్యాస్ తేడా వల్లేనా?
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మిస్సింగ్ సంగతి తర్వాత, ముందు అది మానేయండి. బండ్లలో ఎల్పీజీ వాడకం మన దేశంలో 2000లో చట్టబద్ధమైంది, కానీ ఇంటి సిలిండర్ గ్యాస్‌ని బండికి వాడటం నేరం. కేసు మాట అటుంచితే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదొక్క కారణం చాలు. బంకులో ట్యాంకు 80 శాతం నిండగానే దాని మీదున్న మల్టీవాల్వు దానంతటదే ఆపేస్తుంది, ఎండకి గ్యాస్ వ్యాకోచించడానికి ఆ ఖాళీ ఉండాలి. ఆ ఇంటి మోటారు దగ్గర కూర్చున్న మనిషికి మీ మల్టీవాల్వు పనిచేస్తోందో లేదో తెలియదు, గొట్టం ఊడితే ఆ గదిలో ఉన్న వాళ్ల గతి ఏమిటో చెప్పక్కర్లేదు. గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ పాళ్లు మారితే సెట్టింగ్ మారుతుంది, అది నిజమే. అలా ఎక్కించేటప్పుడు చెత్త కూడా వచ్చి ఫిల్టర్‌కి పట్టి ఉండొచ్చు. బంకు గ్యాస్ రెండు ఫుల్ ట్యాంకులు పోయించి, ఫిల్టర్ మార్చించి అప్పుడు చూడండి. బంకు మరీ దూరమైతే పెట్రోల్ మీదే తిరగండి, దానికి సిగ్గేముంది.

ప్రశ్న: సెల్లార్లో బండి స్లోలో ఉంచితే గ్యాస్ వాసన వస్తోంది, రోడ్డు మీద రావట్లేదు. స్లో సెట్టింగ్ చేయిస్తే పోతుందా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సెట్టింగ్‌తో పోదు. అది లీకు. రోడ్డు మీద గాలికి కొట్టుకుపోతోంది కాబట్టి తెలియట్లేదు. ఎల్పీజీ గాలికంటే బరువు, సెల్లార్లో నేల మీదే నీళ్లలా పరుచుకుంటుంది, పక్కనే లిఫ్ట్ మోటారు, స్విచ్‌బోర్డులు. ట్యాంకు వాల్వు చేత్తో కట్టేయండి, వాసన ఉన్నంతసేపు బండి స్టార్ట్ చేయకండి, స్విచ్‌లు వేయకండి. నలుగురు కలిసి ఆరుబయటికి తోయండి, వాసన పూర్తిగా పోయాక పెట్రోల్ మీద కిట్ వేసిన వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడొస్తుందో వాళ్లు చూపిస్తారు, మీరు దగ్గర నిలబడి చూడండి. ట్యాంకు మీద కొట్టిన టెస్ట్ తేదీ దాటిపోయిందేమో కూడా అప్పుడే చూసుకోండి. అది సరయ్యేదాకా బండి సెల్లార్లో పెట్టకండి, వాచ్‌మన్‌కి కూడా ఆ మాట చెప్పి ఉంచండి.